పేజ్‌మేకర్‌లో చిక్కుకున్న తెలుగు: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

తాండూరు బజారులో డీటీపీ పని చేసుకుని బతికే మనిషిని. ఈ ఉత్తరం నా ఒక్కడి కోసం రాయడం లేదు. దాదాపు ముప్పై ఏళ్ళుగా మన పట్టణాల్లో అచ్చు కోసం టైపు చేసిన తెలుగులో చాలా భాగం పాత ఫాంట్లలో, పాత ఫైళ్ళలో ఇరుక్కుని ఉంది. దాన్ని ఏ కంప్యూటరైనా తెలుగని గుర్తుపట్టే యూనికోడ్‌లోకి తెచ్చే పట్టికలనూ సాఫ్ట్‌వేర్‌నూ ప్రభుత్వం తన ఖర్చుతో తయారు చేయించి అందరికీ ఉచితంగా ఇవ్వాలి. పాత సిస్టములు ఇంకా ఆన్ అవుతున్నప్పుడే ఈ పని జరగాలి. నా విన్నపం ఇంతే. ఎందుకో వివరంగా చెప్తాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఇప్పుడు కొత్త విండోస్ కంప్యూటర్ కొంటే విండోస్ 11తోనే వస్తుంది. అది 64-బిట్‌లో తప్ప రాదు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత మదర్‌బోర్డుల మీదికి అధికారికంగా ఎక్కదు. హైదరాబాద్‌లోని పెద్ద కంపెనీలకు ఇది ఆ ఏడాది బడ్జెట్‌లో ఒక పద్దు. తాండూరు, వికారాబాద్, పరిగి బజారుల్లో ఒకటి రెండు సిస్టములతో నడిచే డీటీపీ సెంటర్లకు మాత్రం రేపటి నుంచి పని సాగుతుందా లేదా అన్న ప్రశ్న. ఎందుకంటే మాలో చాలామంది ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లోనే, 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతోనే పని చేస్తున్నారు.

మా దగ్గరికి ఏం వస్తాయో మీకు తెలియనిది కాదు. శుభలేఖలు, కరపత్రాలు, బడి వార్షికోత్సవాల ఆహ్వానాలు, బిల్లు బుక్కులు, నాపరాయి పాలిషింగ్ యూనిట్ల లెటర్‌హెడ్లు, కందిపప్పు మిల్లుల సంచుల మీది ముద్రలు, సర్పంచ్ ఎన్నికలప్పుడు గుర్తులతో పాంప్లెట్లు. తాండూరు కర్ణాటకను ఆనుకున్న ఊరు. ఒకే పెళ్ళికి తెలుగులో కొన్ని పత్రికలు, కన్నడంలో కొన్ని అడిగేవాళ్ళుంటారు. ముస్లిం కుటుంబాల రుక్కాలు ఉర్దూలో ఉండాలి. అందుకని తెలుగుకు అను, ఉర్దూకు ఇన్‌పేజ్, కన్నడానికి నుడి ఒకే సిస్టమ్‌లో పెట్టుకుని పని చేసినవాళ్ళం మేము. ఈ మూడూ తమ పాత రూపాల్లో ఒక్కొక్కటి ఒక్కో పద్ధతిలో అక్షరాలను దాచుకున్నాయి. విండోస్ మారినప్పుడల్లా మూడింటినీ మళ్ళీ కుదుర్చుకోవాలి.

కాస్త వెనక్కి పోతాను. డీటీపీ రాకముందు ఈ పనులన్నీ ట్రెడిల్ మీద, సీసపు అక్షరాలతో జరిగేవి. కంపోజిటర్ ఒక్కో అక్షరాన్ని గడుల్లోంచి తీసి పేర్చేవాడు. 1985లో ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్‌ను తెచ్చింది. 1994లో ఆల్డస్ వెళ్ళి అడోబీలో కలిసింది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అదే ఆఖరిది. 2004లో దాని అభివృద్ధిని అడోబీ ఆపేసింది. అంటే మా చేతిలోని ముఖ్యమైన పనిముట్టు ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది.

అదే 2001లో విండోస్ ఎక్స్‌పీ కూడా వచ్చింది. అందులో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు చోటు అంతకు పదేళ్ళ ముందే, 1991లో, మొదటి వెర్షన్‌లోనే దొరికింది. అయినా అచ్చు పని అటు మళ్ళలేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు తెలియదు. పైగా శుభలేఖకు ఒక రకం అక్షరం, హెడ్డింగుకు ఇంకో రకం, లోపలి మేటరుకు మరో రకం కావాలి. అవన్నీ దొరికింది అను ఫాంట్లలోనే. గిరాకీ వచ్చినాయన అక్షరం అందం చూస్తాడు, దాని వెనకున్న కోడు చూడడు. అలా రెండు దార్లు ఎదురుగా కనబడిన ఏడాదే మా వృత్తి పాత దారి పట్టింది. ఇందుకు నేను ఏ కంపెనీనీ తప్పుబట్టను. ఆ ఫాంట్లు గీసినవాళ్ళు లేకపోతే మా వంటి ఊళ్ళకు తెలుగు డీటీపీ అంత తొందరగా వచ్చేది కాదు. నాకు వాళ్ళ మీద ఉన్నది కృతజ్ఞతే.

చిక్కు ఎక్కడుందంటే, ఆ ఫాంట్లు తెలుగు అక్షరాలను దాచిన తీరులో. ఒక ఫాంటులో అప్పట్లో 256 గడులే. ఆ గడులు ఇంగ్లీషు అక్షరాలకూ, అంకెలకూ, యూరోపు భాషల గుర్తులకూ కేటాయించినవి. తెలుగు ఫాంటు చేసినవాళ్ళు ఆ గడుల్లోని బొమ్మలను తీసేసి తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా పెట్టారు. అను ఫాంటులో 'స్త్రీ' అని కొడితే తెరమీద కనబడేది మన స్త్రీయే. ఫైల్లో చేరేవి మాత్రం ఏవో విదేశీ గుర్తుల నంబర్లు. అదే యూనికోడ్‌లో అయితే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు కోడ్లు వరసగా చేరతాయి. చదివే క్రమమూ దాచే క్రమమూ ఒకటే. ఏ ఫాంటు పెట్టినా, ఫాంటు అసలు లేకపోయినా అది తెలుగేనని కంప్యూటర్‌కు తెలుస్తుంది. పాత ఫైలుకు ఆ తెలివి లేదు. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. సిస్టమ్ ఫార్మాట్ కొట్టి ఫాంట్లు వేయడం మరిస్తే పేజీ నిండా డాలరు గుర్తులూ, నెత్తిన చుక్కలున్న అక్షరాలూ కనబడతాయి. ఒక కంపెనీ వాళ్ళు ఏ గడిలో ఏ ముక్క పెట్టారో ఇంకో కంపెనీ గడితో కలవదు. శ్రీలిపి అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఫాంట్లలో కొట్టిన మేటరును అను ఫాంటులోకి మారిస్తే అది ఎవరూ చదవలేరు.

ఇక ఈ ప్రోగ్రాములు కొత్త విండోస్‌లో ఎందుకు మొరాయిస్తాయో చూడండి. 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. 1990లలోని చాలా ప్రోగ్రాములు లోపల 32-బిట్‌వే అయినా వాటి సెటప్ ఫైలు 16-బిట్‌ది. అంటే ప్రోగ్రాము నడవగలదు, ఇన్‌స్టాల్ చేసుకునే తలుపే తెరుచుకోదు. ఇంకొన్ని ప్రోగ్రాములు తమ సెట్టింగులను విండోస్ ఫోల్డర్‌లోనే రాసుకునేవి. ఎక్స్‌పీలో అందరమూ పూర్తి అధికారంతో పని చేసేవాళ్ళం కాబట్టి ఏ అడ్డూ ఉండేది కాదు. 2007లో విస్టా వచ్చాక ఆ దారి మూసేశారు. భద్రత కోసం అది చేయాల్సిందే, కాదనను.

అన్నిటికంటే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది కీబోర్డు. స్క్రిప్ట్ మేనేజర్ అనేది మన వేళ్ళకూ పేజ్‌మేకర్‌కూ మధ్యలో నిలబడి, కొట్టిన కీని పట్టుకుని తెలుగు ముక్కగా మార్చి లోపలికి పంపుతుంది. విస్టా నుంచి వచ్చిన నియమం ప్రకారం తక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాము ఎక్కువ అధికారంతో నడిచేదానికి ఇలా కీలు అందించలేదు. పేజ్‌మేకర్ సరిగా తెరుచుకోవడం లేదని దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే, స్క్రిప్ట్ మేనేజర్ బయటే ఉండిపోతుంది. ఇంగ్లీషు పడుతుంది, తెలుగు పడదు. రెండింటినీ అడ్మినిస్ట్రేటర్‌గానే నడపాలి. ఇంత చిన్న కిటుకు తెలియక మంచి సిస్టములను పాడైపోయాయని పక్కన పెట్టినవాళ్ళు ఉన్నారు. ఈ ఉత్తరం చదివే తోటి డీటీపీ వాళ్ళకు ఈ ఒక్క సంగతైనా పనికొస్తే సంతోషం.

పాతదాన్ని కొత్తదాని మీద నడిపే విద్యలు మావాళ్ళకు ఇంకా చాలా తెలుసు. కంపాటిబిలిటీలో ఎక్స్‌పీ ఎంచుకోవడం, 32-బిట్ విండోస్ 10 వేసుకోవడం, వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీని సిస్టమ్‌లో ఇంకో సిస్టమ్‌గా పెట్టడం, లినక్స్ మీద వైన్ ద్వారా తెరవడం. ప్రింటర్ పోర్టుకు తగిలించే లాకు ఉన్న సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొన్నవాళ్ళకు ఈ విద్యలు కూడా అంత సులువుగా కుదరవు. ఆ పోర్టే ఇప్పటి కంప్యూటర్లకు ఉండదు. ఏదీ కుదరనివాళ్ళు పాత ఎక్స్‌పీ సిస్టమ్‌నే ఒక మూల ఉంచుకుని నడుపుతున్నారు. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే పోయింది. అలాంటిదాన్ని నెట్‌కు కలపడం ఎంత ప్రమాదమో 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి వచ్చినప్పుడు ప్రపంచమంతా చూసింది. పాత సిస్టములకు భద్రతా మరమ్మతులు అందకపోతే ఏమవుతుందో అప్పుడు తేలింది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

ఈ విద్యలతో పని నడుస్తుంది. నేనూ వాటితోనే నడుపుతున్నాను. అయితే వాటి వల్ల నడిచేది ప్రోగ్రామే. అందులోని తెలుగు మాత్రం అక్కడే ఉండిపోతుంది. వర్చువల్‌బాక్స్‌లో తెరుచుకున్న పేజీని ఫోన్‌లో చదవలేం, వెతకలేం, పిల్లలకు పాఠంగా పంపలేం, చూపులేనివారికి కంప్యూటర్ చదివి వినిపించలేదు. పీడీఎఫ్ చేస్తే కంటికి బాగానే కనబడుతుంది, ఒక వాక్యం కాపీ చేసి పేస్టు చేస్తే మళ్ళీ అవే డాలరు గుర్తులు. కాబట్టి పాత ప్రోగ్రాము కొత్త విండోస్‌లో నడవడం మనకు గమ్యం కాకూడదు. లోపలున్న మేటరును బయటికి తెచ్చేదాకా దొరికిన గడువు అది, అంతే.

ఆ మేటరు విలువ చెప్తాను. మా హార్డ్ డిస్కుల్లో శుభలేఖలు మాత్రమే లేవు. పెద్దేముల్, యాలాల, బషీరాబాద్ మండలాల ఊళ్ళలో పాడే భజన కీర్తనల పుస్తకాలున్నాయి. రిటైరైన పంతుళ్ళు రాసిన శతకాలు, బడి స్వర్ణోత్సవ సంచికలు, కుల సంఘాల చరిత్రలు, స్థలపురాణాలు, ఆగిపోయిన స్థానిక వారపత్రికల పేజీలు ఉన్నాయి. రెండు మూడు వందల ప్రతులు అచ్చయి చుట్టాలకూ స్నేహితులకూ పంచిన పుస్తకాలివి. చాలావాటికి ఇప్పుడు అచ్చు ప్రతి దొరకదు, రాసినాయన లేడు, మిగిలింది మా ఫైలు ఒక్కటే. చిరునామాల కింద అన్నిచోట్లా రంగారెడ్డి జిల్లా అని ఉంటుంది. వికారాబాద్ జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న కదా. అంతకుముందు ఈ ప్రాంతం ఎలా మాట్లాడింది, ఏం పాడుకుంది, దేని మీద తగువులాడింది అని ఎవరైనా రేపు రాయాలనుకుంటే ఆధారాల్లో చాలా భాగం ఈ ఫైళ్ళలో ఉంది.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేయించారు. 354 మంది కవులను ఒకచోట చేర్చారు. కాగితం మీద రాసినవి కాబట్టి ఉత్తరాల ద్వారా తెప్పించుకుని చేర్చగలిగారు. అలాంటి సంచిక ఒకటి ఇవాళ మా జిల్లాకు వేయాలని ఎవరైనా పూనుకుంటే, ముప్పై ఏళ్ళ మేటరు చేతికందే దూరంలోనే ఉంది, కానీ కంప్యూటర్ దాన్ని తెలుగని గుర్తుపట్టదు. తెలుగు విశ్వవిద్యాలయానికి ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టుకున్న రాష్ట్రానికి ఇది తగదు.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనుక్కోవచ్చు కదా అని మీ అధికారులు అడగవచ్చు. కొత్త పేజీలకు అది సరైన సలహానే. ఇన్‌డిజైన్‌లో ఇప్పుడు యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుంది, ఉచితంగా దొరికే స్క్రైబస్‌లోనూ వస్తుంది. పోతన, వేమన మొదలుకొని మండలి, రామభద్ర, సూరన్న, పొన్నాల దాకా యూనికోడ్ ఫాంట్లు ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. పాత పేజీల సంగతి వేరు. పేజ్‌మేకర్ ఫైళ్ళను నేరుగా తెరవగలిగిన ఆఖరి ఇన్‌డిజైన్ సీఎస్6. దాన్ని అడోబీ 2017 నుంచి అమ్మడం లేదు. నెలనెలా డబ్బు కట్టి తెచ్చుకునే కొత్త ఇన్‌డిజైన్ మా పాత ఫైలును ముట్టుకోదు.

స్కాన్ చేసి, బొమ్మలోంచి అక్షరాలను చదివే ఓసీఆర్ పెట్టమని ఇంకొందరు అంటారు. అచ్చు ప్రతి ఒక్కటే మిగిలినచోట అదే గతి. కానీ ఓసీఆర్ అక్షరాన్ని చూసి ఊహిస్తుంది. వత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తప్పుతుంది, ఆ తప్పులు దిద్దడానికి మళ్ళీ ఒక ప్రూఫు రీడరు కావాలి. ఫైలు చేతిలో ఉన్నప్పుడు ఊహించాల్సిన అవసరమేముంది? ఏ నంబరు ఏ ముక్కో పట్టిక సరిగా ఉంటే టైపు చేసింది చేసినట్టు బయటికి వస్తుంది.

ఇది సాధ్యమేనని ఔత్సాహికులు ఎప్పుడో చూపించారు. నాగార్జున వెన్న గారు పద్మ అనే పొడిగింపు రాసి, తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు వాడుతున్న రోజుల్లో వాటిని ఫైర్‌ఫాక్స్‌లో యూనికోడ్‌గా చదివించారు. ఈమాట వెబ్ పత్రిక వాళ్ళు పాత ఫాంట్ల మేటరును మార్చే పరికరాన్ని అందరికీ అందుబాటులో ఉంచారు. కేరళలో స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ బృందం పయ్యన్స్ అనే మార్పిడి ప్రోగ్రాము చేసి, ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టికను మామూలు టెక్స్ట్ ఫైలుగా బయట పెట్టింది. ఎవరైనా కొత్త ఫాంటుకు పట్టిక రాసి కలపవచ్చు. కర్ణాటక ప్రభుత్వం కన్నడ గణక పరిషత్తుతో కలిసి నుడిని తయారు చేయించి ప్రజలకు ఉచితంగా ఇచ్చింది. సరిహద్దుకు ఇవతల ఉన్న మేము కూడా దాన్ని వాడుకున్నాం.

పద్మ సంగతిలో ఒక పాఠం ఉంది. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత పద్ధతిలో రాసిన పొడిగింపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పద్మ కూడా ఆ పాత రూపంలో నడవకుండా పోయింది. పాత తెలుగును రక్షించడానికి పుట్టిన పరికరం తానే పాత సాఫ్ట్‌వేర్ అయింది. ఒకరిద్దరు తమ సెలవు రోజుల్లో చేసే మంచిపని మీద ఒక భాష బరువంతా మోపితే ఇలాగే జరుగుతుంది. అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాను.

మీరు చేయించవలసిన సాఫ్ట్‌వేర్ నెట్ లేకుండా నడవాలి. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడవాలి. పేజ్‌మేకర్ ఫైల్లోంచి మేటరు తీయగలగాలి. దాని సోర్స్ కోడు, ఫాంట్ల పట్టికలు అందరికీ తెరిచి ఉండాలి, రేపు ఇంకో విండోస్ వస్తే ఏ ఇంజినీరింగ్ విద్యార్థి అయినా దాన్ని మళ్ళీ నిలబెట్టేలా. ఈ పనికి మనుషులు మన దగ్గరే ఉన్నారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత మీద పని చేసే కేంద్రం ఉంది. ఏ గడిలో ఏ ముక్క ఉందో చేతివేళ్ళకు తెలిసిన పాత ఆపరేటర్లు ప్రతి పట్టణంలో ఉన్నారు. వాళ్ళలో చాలామందికి యాభై దాటింది. వాళ్ళను కూర్చోబెట్టి పట్టికలు సరిచూయించండి, చేసిన పనికి కూలి ఇప్పించండి.

కీబోర్డు విషయమూ మరువకండి. మేము నేర్చింది యాపిల్ కీబోర్డు, మాడ్యులర్ కీబోర్డు. యూనికోడ్‌కు మారాలంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోమంటే ఇరవై ఏళ్ళ వేగం ఒక్కరోజులో పోతుంది, వేగం పోతే కూలి పోతుంది. మావాళ్ళు యూనికోడ్‌కు రాకపోవడానికి మొండితనం కారణం కాదు, ఇదీ కారణం. అవే కీబోర్డులను యూనికోడ్‌కు కుదిర్చి, ప్రభుత్వ ముద్రతో, ఉచితంగా, కొత్త విండోస్‌లలో సరిచూసి ఇవ్వండి. ప్రభుత్వ కంప్యూటర్ పనులకు యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009 నవంబర్‌లోనే నోటిఫై చేసింది. అయినా పాత ఫాంటులోనే ఫైలు పంపమని అడిగే కార్యాలయాలు ఇంకా ఉన్నాయి. ఒక సర్క్యులర్‌తో అది ఆగిపోతుంది.

మొదలుపెట్టడానికి వికారాబాద్ జిల్లాను ఎంచుకోండి. ముఖ్యమంత్రి గారి కొడంగల్, శాసనసభాపతి గారి వికారాబాద్ రెండూ ఈ జిల్లాలోనే ఉన్నాయి. గ్రంథాలయంలో ఒక గది, రెండు కంప్యూటర్లు, పాత హార్డ్ డిస్కులూ సీడీలూ ఫ్లాపీలూ చదివే పరికరాలు, పని తెలిసిన ఇద్దరు మనుషులు చాలు. పుస్తకాలు, పత్రికలు, సంచికలు మాత్రమే, అవి కూడా రాసినవాళ్ళ లేదా వారి కుటుంబాల ఒప్పుదలతో తీసుకోవాలి. ఇళ్ళ శుభకార్యాల పత్రికలు, జనం సొంత వివరాలు ఉన్న కాగితాలు ఎవరూ ముట్టుకోకూడదు.

తాండూరులో ఎవరి దగ్గర పాత డిస్కులున్నాయో మాకు తెలుసు. వాటిని గదిదాకా తెచ్చే బాధ్యత మాది. వచ్చే బడ్జెట్‌లో మీ శాఖ పద్దుల్లో ఈ పనికి ఒక వరస కేటాయించండి.

ఇట్లు,
తాండూరు నుంచి ఒక డీటీపీ ఆపరేటర్